రికార్డులో లేని ఏడుపు

మా సరుగుడుపాలెం మున్సిపాలిటీలో పుట్టుకలూ చావులూ రాసే గుమాస్తాని నేను. పేరు భ్రమరాంబ. నా నోరు మంచిది కాదని ఆఫీసులో అందరూ అంటారు, అది నిజమే. ఇన్నేళ్ళ సర్వీసులో సగం ఊరి పుట్టుక నా చేతి రాతలోనే ఉంది. కానీ పుట్టి, ఎదురుగా కళ్ళు తెరుచుకుని చూస్తున్న పసివాడికి ‘నువ్వు పుట్టలేదు నాయనా’ అని చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. మా కమిషనరు సర్వోత్తమ్ గారి పుణ్యమా అని ఆ ముచ్చట కూడా తీరింది.

ఆయన మొదట్లో మామూలు మనిషే. ప్రతి ఫైలు మీదా ‘చర్చించవలెను’ అని రాసేవారు, చర్చించేవారు కాదు, ఊరు దాని మానాన అది నడిచిపోయేది. ఎండలు ముదురుతుండగా ఆయన్ని రాజధానికి శిక్షణకి పంపించారు. ‘గణాంక భాషతో సుపరిపాలన’ అని దాని పేరు. వారం రోజుల శిక్షణ. రెండో రోజు భోజనంలో గుత్తొంకాయ మహా పసందుగా ఉందట. ఆ భోజనానికి ముందు చెప్పిందంతా ఆయనకి వచ్చు. తరవాత చెప్పింది ఏదీ రాదు.

ఆ కాస్తతోనే తిరిగొచ్చి, పెట్టె దించకుండా మీటింగు పెట్టారు.

“మిత్రులారా! కంప్యూటరుకి ఒక భాష ఉంది. దాని పేరు ఒక్కటే అక్షరం, ఆర్. ఆ భాషలో వెక్టరు అనగా ఒక వరస. రెండు వరసలిచ్చి సమ్మేళనం అంటే కలుపును. ఛేదనం అంటే రెండింటిలోనూ ఉన్నవి మాత్రమే చూపును. భేదం అంటే మొదటి దాంట్లోంచి రెండోదానిలో ఉన్నవి తీసివేయును. ఈ మూడు క్రియలతో పురపాలన యావత్తూ పరిష్కారమగును.”

“చిత్తం,” అన్నారు మేనేజరు కుటుంబశాస్త్రి గారు. ఆయన ఆ మాట నిద్రలో కూడా అంటారని వాళ్ళావిడ నాతో చెప్పి వాపోయింది.

“అన్నింటికన్నా గొప్ప సంగతి ఇంకోటి ఉంది,” అని కమిషనరు గారు గొంతు తగ్గించారు. “ఏ క్రియ చేసినా ఆ భాష వచ్చినదే మళ్ళీ వస్తే సహించదు. ఒకటి ఉంచును, తక్కినవి పారవేయును. ఇదే నేటి నుంచి మన ఆశయం. పునరావృత్తి రహిత పురపాలన!”

అందరం చప్పట్లు కొట్టాం. దేనికి కొడుతున్నామో తెలిస్తే కొట్టేవాళ్ళం కాదు.

మర్నాడు ఆఫీసు సామాన్ల వరస యంత్రానికెక్కింది. కుర్చీ, కుర్చీ, కుర్చీ, బల్ల, బల్ల, ఫ్యాను, కుర్చీ... అలా కొండవీటి చేంతాడంత వరస లోపలికి వెళ్ళింది. బయటికి మాత్రం ‘కుర్చీ, బల్ల, ఫ్యాను, బీరువా’ అని వచ్చింది. మధ్యాహ్నానికల్లా మిగతా సామానంతా లారీకెత్తించి గోడౌనులో పడేయించారు. మిగిలిన ఆ ఒక్క కుర్చీ కమిషనరు గారిది. మేమందరం గోడకి జారబడి రాసుకోవడం మొదలుపెట్టాం. ఫ్యాను కూడా ఆయన గదిలోనే తిరిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది కానీ, గోడ చల్లగా ఉంది కదా అని ఊరుకున్నాను.

ఊరుకోలేనిది క్యాంటీన్లో జరిగింది. ప్లేటిడ్లీ చెప్పాను. ప్లేటులో ఒక్కటంటే ఒక్క ఇడ్లీ, పక్కన చట్నీ వచ్చాయి.

“ఏవయ్యా, మిగతా రెండూ ఏవీ?” అన్నాను.

“పునరావృత్తండి,” అన్నాడు క్యాంటీను పోలయ్య బిక్కమొహం వేసుకుని. “ఇడ్లీ, ఇడ్లీ, ఇడ్లీ, చట్నీ అని రాసి పంపితే, ఇడ్లీ, చట్నీ అని తిరిగొచ్చిందండి. రెండోది పెడితే నోటీసిత్తానన్నారండి.”

వారం తిరక్కుండా ఊరు ఊరంతా చిక్కి సగమైంది. పారిశుధ్యం వాళ్ళకి మిగిలింది ఒక్క చీపురు. తెల్లారేసరికి దాని ముందు ఆడవాళ్ళంతా లైను కట్టి, వంతులవారీగా తలో నాలుగు గీతలూ గీసి పోయేవాళ్ళు. వీధి దీపాల్లో బస్టాండు దగ్గరది ఒక్కటే నిలిచింది. పరీక్షలకి చదివే పిల్లలూ, పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునే పెద్దలూ, పేకాట రాయుళ్ళూ, ఊళ్ళో ఉన్న దోమలూ అందరూ దాని కిందే చేరారు. చూడ్డానికి తిరనాళ్ళలా ఉండేది. కౌన్సిల్లో మాత్రం ఒక మేలు జరిగింది. ఒకసారి అన్నమాట రెండోసారి అనకూడదన్నారు. దాంతో మూడు గంటల సమావేశం టీ రాకముందే అయిపోయింది.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది. అప్పుడు ధనకోటి వచ్చింది.

ధనకోటి బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తుంది. నెలన్నర క్రితం మున్సిపల్ ఆసుపత్రిలో కవలలు పుట్టారు. ఇద్దరూ మగపిల్లలే. ఆ రెండు పుట్టుకలూ నేనే రాశాను. చెరో చంకలో చెరొకణ్ణీ వేసుకుని, జుట్టు రేగిపోయి, నా ముందుకొచ్చి నేలమీద కూలబడింది.

“మేడంగారండీ, మీరు మా ఓణ్ణి కొట్టేశారంటండి.”

“నేనెవర్ని కొట్టానే?”

“కొట్టడం కాదండి, కొట్టేడం. కంప్యూటర్లోంచండి. సూదిమందు ఏయించడానికెళ్తే నర్సమ్మ చూసి, ‘ఒక్కడే ఉన్నాడు, నువ్విద్దర్నెందుకు తెచ్చావ్’ అందండి. పోనీ ఆ ఒక్కడికీ ఎయ్యండమ్మా, రెండోవోడి సంగతి తరవాత చూద్దారి అన్నానండి. ‘ఆ ఒక్కడూ ఈళ్ళిద్దర్లో ఎవడు? లేనోడికి ఏసేశానంటే నా ఉజ్జోగం ఊడుద్ది’ అని ఇద్దరికీ మానేసిందండి. పక్కీధిలో కోరింత దగ్గు తిరుగుతుందండి. నాకు గుండెల్లో దడగా ఉందండి మేడంగారూ.”

పుట్టుకల రిజిస్టరూ సామాన్లలాగే యంత్రానికెక్కింది. తెరిచి చూశాను. నేను రాసినవి రెండు వరసలు. తల్లి ధనకోటి, తండ్రి వీరబాబు, తేదీ అదే, ఇల్లు అదే, ఇద్దరూ మగ శిశువులు, పేరు ఇంకా పెట్టలేదు. ఒక దానికీ ఇంకో దానికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఒకటి ఉంది. ఒకటి పోయింది.

ఆ ఇద్దరికేసీ చూశాను. ఒకడు నా కళ్ళజోడు కేసి చూస్తున్నాడు. ఇంకోడు ఆవులించాడు. పోయినవాడు ఆవులించినవాడో చూస్తున్నవాడో చెప్పడం నా తరం కాలేదు.

ధనకోటిని వెంటబెట్టుకుని తిన్నగా కమిషనరు గారి గదిలోకి వెళ్ళాను. ఉన్న ఒక్క కుర్చీలో ఆయన కూర్చున్నారు. పక్కన శాస్త్రి గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“సార్, ఈవిడకి ఇద్దరు పిల్లలు. మన రికార్డులో ఒకణ్ణి మాయం చేశాం. వెనక్కి వెయ్యాలి,” అన్నాను.

“మాయం కాదు భ్రమరాంబ గారూ, శుద్ధి,” అన్నారాయన సౌమ్యంగా. “సమితిలో ఒక మూలకం ఒకసారే ఉండును. రెండుసార్లు రాసినంత మాత్రాన అది రెండు కాజాలదు.”

“రాయడం కాదండి బాబూ, కన్నాను!” అంది ధనకోటి. “రెండుసార్లు కన్నాను! మీకేం తెలుత్తాది ఆ బాధ!”

“చిత్తం,” అన్నారు శాస్త్రి గారు అలవాటు కొద్దీ. కమిషనరు గారు ఆయనకేసి గుర్రుగా చూశారు.

“పోనీ సార్, పేర్లు పెట్టేద్దాం,” అన్నాను. “ఒకడు లోవరాజు, ఒకడు అప్పలరాజు. ఈవిడ ఎప్పుడో అనుకుని పెట్టుకుంది. పేరు మారితే వరస మారుతుంది, ఇద్దరూ ఇద్దరవుతారు.”

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. నాకు ఆశ కలిగింది.

“బాగుంది. కానీ నియమం ప్రకారం పేరు అనేది నమోదైన శిశువుకే చేర్చవలెను. నమోదైన శిశువు ఒక్కడే. రెండోవాడు నమోదై ఉంటే వాడికి పేరు చేర్చవచ్చును. పేరు ఉంటే వాణ్ణి నమోదు చేయవచ్చును. ప్రస్తుతం వాడికి రెండూ లేవు.”

“మరెలాగండీ?” అంది ధనకోటి.

“ఉన్నవాణ్ణి ప్రేమగా పెంచండమ్మా,” అని ఆయన చెయ్యెత్తి దీవించారు.

ధనకోటి ఏడవలేదు. పిల్లల్ని చంకల్లో సర్దుకుని ఆయనకేసి నిదానంగా చూసి బయటికొచ్చింది. మెట్ల దగ్గర మాత్రం కూర్చుండిపోయింది. నేను పక్కనే కూర్చున్నాను. ఆయన్ని తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టాను. ఒకటీ రెండోసారి వాడకుండా తిట్టాను, నియమం పాటించాలి కదా.

ఈలోగా సుపరిపాలన జోరందుకుంది. ఏ వార్డుకి ఏం కావాలో రాసిమ్మని కౌన్సిలర్లని అడిగారు. ఛేదనం చేసి, అన్ని వార్డులూ అడిగినదేదో అదే మంజూరు చేస్తామన్నారు. కాలువలు, కల్వర్టులు, దోమల మందు అని అందరూ గంపెడేసి రాశారు. ఒక్క ఆఫీసర్ల కాలనీ వార్డు వాళ్ళు మాత్రం, వాళ్ళకన్నీ ఉన్నాయి గనక, ఏమీ అక్కర్లేదని తెల్ల కాయితం పంపారు. ఆ తెల్ల కాయితంలోనూ మిగతా అన్నింటిలోనూ ఉన్నదేమిటంటే ఏమీ లేదు. కాబట్టి ఊరందరికీ ఏమీ లేదనే మంజూరైంది.

తరవాత నీళ్ళు. ఊళ్ళో ఉన్న వీధులన్నీ ఒక వరస, కుళాయిలున్న వీధులు రెండో వరస. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే ట్యాంకరు వెళ్ళాల్సిన వీధులు వస్తాయి. కమిషనరు గారు ఆ రెండింటినీ తిరగేసి ఇచ్చారు. కుళాయిలున్న వీధుల్లోంచి ఊళ్ళో ఉన్న వీధులన్నీ తీసేస్తే ఇంకేం మిగులుతుంది? యంత్రం సున్నా అంది.

“శూన్య సమితి!” అని ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. “శాస్త్రి గారూ, ట్యాంకరు అవసరమున్న వీధి మన ఊళ్ళో ఒక్కటి కూడా లేదు! నీటి ఎద్దడి సమసిపోయెను!”

“సార్, మన ఆఫీసుకే కుళాయి లేదు,” అన్నాను. “ఈ వీధంతా ట్యాంకరు నీళ్ళే.”

“మీరు కంటితో చూసి మాట్లాడుచున్నారు. యంత్రం వరసను చూసి మాట్లాడుచున్నది,” అన్నారాయన. ట్యాంకరు షెడ్డులో పడుకుంది. మా వీధి వాళ్ళు బిందెలు పుచ్చుకుని పక్క ఊరికి నడిచారు.

ఆ సున్నా రాజధాని దాకా పాకింది. నీటి ఎద్దడి లేని పట్టణానికి ప్రశంసా పత్రం ఇవ్వడానికి డైరెక్టరు గారే స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. ఆ శిక్షణ పెట్టించింది ఆయనే. కమిషనరు గారు గోడల నిండా ‘పునరావృత్తి రహిత’ అని రాయించారు. ఒకే మాట అన్ని గోడల మీదా ఎందుకని నేను అడగలేదు.

అడగకపోగా, బస్టాండుకి వెళ్ళి బజ్జీల పొయ్యి దగ్గర నిలబడి, “రేపు పదింటికి పెద్దాయనొస్తున్నాడే ధనకోటీ,” అన్నాను. అంతకన్నా ఒక్కమాట అనలేదు, ఒట్టు.

డైరెక్టరు గారు భారీ మనిషి. చెప్పిన వేళకి దిగి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నారు. అది కిర్రుమంది. తక్కిన అధికారులందరూ గోడ పొడుగునా నిలబడ్డారు. కమిషనరు గారు బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, “మా పట్టణమున ఏదియూ రెండుసార్లు లేదు సార్,” అని మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడు ధనకోటి గుమ్మం దాటింది.

బంట్రోతు ఆపబోయాడు. చంకల్లో పిల్లలున్న మనిషిని ఎక్కడ పట్టుకుని ఆపుతాడు? ఆమె నేరుగా బల్ల దగ్గరికెళ్ళి, పిల్లలిద్దర్నీ ల్యాప్‌టాప్‌కి చెరో పక్కా పడుకోబెట్టింది.

“బాబుగారండీ, ఈళ్ళిద్దర్లో మీ కంప్యూటర్లో ఉన్నోడెవడో చూపించండి. ఆణ్ణి తీసుకుని నా మానాన నే పోతాను,” అంది.

కమిషనరు గారు ఆ పిల్లణ్ణీ ఈ పిల్లణ్ణీ మార్చి మార్చి చూశారు. “ఇది సమయం కాదమ్మా... ఎవరైననూ ఒకటే...”

“ఒకటే అంటే కుదరదండి, మీరే శుద్ధి చేశారుగా. ఎవడు?”

ధనకోటి ఎడం పక్కవాణ్ణి ఎత్తి భుజాన వేసుకుంది.

“సరే, ఈడే అనుకుంటాను. ఆ రెండోవోడు నాకు పుట్టలేదని మీరే అన్నారు కాబట్టి ఆడు నావోడు కాదు. మున్సిపాల్టీవోడే. పాలు గంటకోసారి పట్టాలండి,” అని చెప్పి వెనక్కి తిరక్కుండా బయటికొచ్చేసింది.

నేనూ ఆమె వెనకే వరండాలోకి వచ్చాను. స్తంభం చాటుకి రాగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది. లోపల పిల్లాడు గుక్కపెట్టాడు. మొదట సన్నగా, తరవాత మున్సిపాలిటీ మొత్తం ఎగిరిపోయేలా ఏడుపు మొదలుపెట్టాడు. వాడి గొంతు వినగానే ధనకోటి జాకెట్టు పాలతో తడిసిపోయింది.

“ఎల్లిపోతానండి, నావల్ల కాదండి, ఆడికి ఆకలేత్తందండి,” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“కదిలావంటే చంపేస్తాను,” అన్నాను. “ఇంకొంచెం ఓర్చుకోవే తల్లీ. ఇప్పుడు తీసుకున్నావంటే వాడు జన్మంతా లేనివాడే.”

కిటికీలోంచి లోపలికి చూశాం. పిల్లణ్ణి ఎత్తుకోవడం తెలియక కమిషనరు గారు వాణ్ణి ఫైలు పట్టుకున్నట్టు రెండు చేతులతో ముందుకు చాపి పట్టుకున్నారు.

“ఎవరయ్యా ఈ బిడ్డ?” అన్నారు డైరెక్టరు గారు చెవులు మూసుకుని.

“రికార్డుల ప్రకారం... ఈ బిడ్డ లేడు సార్.”

“లేనివాడు ఏడుస్తున్నాడేమిటయ్యా?”

“అది... అది పునరావృత్తి సార్. ఇంకొక బిడ్డ ఉన్నాడు. ఇతను ఆ బిడ్డే.”

“ఆ బిడ్డ ఇప్పుడే తల్లి భుజాన బయటికి పోయాడు కదయ్యా, నేను చూశాను! ఏదీ, ఆ యంత్రాన్నే అడగండి, ఈ మూలకం మన పట్టణ సమితిలో ఉన్నదా లేదా అని!”

కమిషనరు గారు ఒక చేత్తో పిల్లణ్ణి పొదివి పట్టుకుని ఇంకో చేత్తో టకటకా కొట్టారు. యంత్రం జవాబిచ్చేలోగా మూలకమే జవాబిచ్చింది. సన్నటి ధార ఒకటి పైకి లేచి, ల్యాప్‌టాప్ మీటల మీదుగా, ప్రశంసా పత్రం మీదుగా వెళ్ళి డైరెక్టరు గారి తెల్లచొక్కా మీద ఆగింది. తెర ఒకసారి మిణుక్కుమని నల్లబడిపోయింది.

“నీళ్ళు! నీళ్ళు తెండి!” అని డైరెక్టరు గారు కేకలేశారు.

“చిత్తం,” అన్నారు శాస్త్రి గారు, కదలకుండా. “లేవండి.”

“లేకపోవడమేమిటి?”

“మన వీధికి ట్యాంకరు రాదండి. నీటి ఎద్దడి లేదు కదండి, తమరు పత్రం కూడా తెచ్చారు.”

“కనీసం ఒక తువ్వాలైనా...”

“ఉన్నది ఒక్కటేనండి. కమిషనరు గారు పొద్దున్న ముఖం తుడుచుకుని ఉతకడానికిచ్చారండి.”

డైరెక్టరు గారు తడిసిన చొక్కాతో లేచి నిలబడ్డారు. ఆయన శూన్య సమితుల మీద పుస్తకం రాసిన మనిషి. “లేనివాడు నన్ను తడిపాడని నేను ప్రభుత్వానికి రాయాలా?” అని ఒక్క అరుపు అరిచారు. “ఆ బిడ్డని ఉన్నాడని రాయండి! వెంటనే! చేత్తో రాయండి!”

కమిషనరు గారు పిల్లణ్ణెత్తుకుని వరండాలోకి పరిగెత్తుకొచ్చారు. ఆయన జుట్టు చెదిరిపోయింది. “అమ్మా, తీసుకో తల్లీ, నీ బిడ్డే, నీ బిడ్డే!”

ధనకోటి భుజాన ఉన్నవాణ్ణి ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి ముందుకు చాపేసింది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

“ఎవరి బిడ్డ సార్? రాసివ్వండి. తీసుకుంటుంది,” అన్నాను.

గోడకి జారబడి, నా పెన్నుతోనే రాశారాయన. రాస్తున్నంతసేపూ పిల్లాడు ఆయన చెవిలో ఏడ్చాడు. ఒక కాయితం మీద లోవరాజు, ఒక కాయితం మీద అప్పలరాజు. సంతకం రెండుసార్లు పెట్టారు. ముద్ర నేనే వేశాను, రెండుసార్లూ గట్టిగా వేశాను. అప్పుడు ఆమె చెయ్యి వదిలాను. ధనకోటి వాణ్ణి లాక్కుని, కొంగు కప్పుకుని, అక్కడే వరండాలో కూర్చుండిపోయింది. ఏడుపు టక్కున ఆగింది. ఆఫీసులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

మధ్యాహ్నానికి ట్యాంకరు షెడ్డులోంచి బయటికొచ్చింది. లారీ గోడౌనుకి వెళ్ళింది. పోలయ్య నన్ను చూసి ఏమీ అడక్కుండా ప్లేటులో మూడిడ్లీలు పెట్టాడు. నేను తినకుండా పొట్లం కట్టించుకుని, ధనకోటితో కలిసి ఆసుపత్రికి వెళ్ళాను.

నర్సమ్మ రెండు కాయితాలూ పైకీ కిందికీ చూసింది. ఇద్దరు పిల్లల్నీ చూసింది.

“లోవరాజెవరు?” అంది.

“ఈడండి,” అంది ధనకోటి తడుముకోకుండా. సూది దిగింది. లోవరాజు కెవ్వుమన్నాడు.

“అప్పలరాజు?”

“ఈడండి.” వాడూ కెవ్వుమన్నాడు.

ధనకోటి నాకేసి తిరిగి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ పకపకా నవ్వింది. “ఇనండి మేడంగారూ,” అంది, “ఇద్దరూ ఏడుత్తున్నారండి.”